శత్రువు నోట మన మాట

2023 వానాకాలం. తెనాలిలో మా ప్రచురణ సంస్థ ఆఫీసు ఫ్లెక్సీలు అచ్చేసే ఒక షాపు పై అంతస్తులో ఉండేది. కింద నాయకుల ముఖాలు అచ్చవుతుంటే, పైన మేం ప్రేమకథలు అచ్చుకి సిద్ధం చేసేవాళ్లం. రెండింటిలోనూ వాగ్దానాలే ఎక్కువని మా యజమాని రంగారావు గారు జోకేసేవారు.

నేను అక్కడ ఎడిటర్‌ని. ఎడిటర్ అంటే అక్షరదోషాలు దిద్దే మనిషి అని చాలామంది అనుకుంటారు. అది ప్రూఫ్ రీడర్ పని. పాఠకుడు కథని ఎక్కడ నమ్మడం మానేస్తాడో ఆ చోటు పట్టుకోవడం, దాని గురించి రచయితతో పోట్లాడడం నా పని. పోట్లాట నేను ఇంట్లోనే నేర్చుకున్న విద్య. మా అమ్మానాన్నల పెళ్లి బాపట్లలో పురోహితుడు లేకుండా, రెండు ఉపన్యాసాలతో, వాటికి పెళ్లికూతురు ఇచ్చిన ఒక జవాబుతో జరిగింది. ముహూర్తం ఎప్పుడని ఎవరో అడిగితే, భోజనాలు సిద్ధమైనప్పుడు అన్నారట మా తాతగారు.

ఇలాంటి హేతువాదుల ఇంట్లో పుట్టినదానివి ప్రేమ నవలల్లో ఏం పని అని నన్ను అడగని మిత్రుడు లేడు. నా జవాబు ఒకటే. ఈ జిల్లాలో ఆడపిల్లలు ఉపన్యాసాలకి రావడం లేదు, నవలలు మాత్రం ఫోన్లో పెట్టుకుని బస్సులో చదువుతున్నారు. వాళ్లున్న చోట మనం లేకపోతే అక్కడ జాతకాలు ఉంటాయి. తొలిచూపు ప్రేమ జాతకం కాక మరేంటి? ఆధారం లేదు, విచారణ లేదు, మొహం చూడగానే తీర్పు! పూర్వజన్మ బంధమని దానికో సాక్ష్యం కూడాను.

మా వ్యాపారంలో ట్రోప్ అనే మాట ఉంది. పాఠకులు ముందే పేరు చెప్పి అడిగే కథా పద్ధతి అది. హోటల్లో దోశ ఏ రకం కావాలో చెప్పినట్టు. ఆ ఏడాది అందరూ అడిగింది ‘ఎనిమీస్ టు లవర్స్’. మొదట బద్ధ శత్రువులు, చివరికి ప్రేమికులు. మా దగ్గరికి అలాంటి రాతప్రతులు కట్టలు కట్టలుగా వచ్చేవి. వాటిలో ఎక్కువ భాగం ఒకే అచ్చు. డబ్బున్నవాడు, పొగరున్నవాడు ఆమెని పదిమందిలో అవమానిస్తాడు. ఆమె ఏడుస్తుంది. అతనికి చిన్నప్పుడు తల్లి లేదని తెలుస్తుంది. ఆమె క్షమిస్తుంది. దీన్ని ప్రేమ అనడానికి నాకు నోరు రాదు. ఇది యజమాని చరిత్ర విని జీతం తగ్గించుకోవడం లాంటిది.

అయినా పాఠకులు ఆ పేరు చెప్పి మళ్లీ మళ్లీ అడుగుతున్నారంటే, అందులో వాళ్లకి కావలసినదేదో ఉండి ఉండాలి. లక్షలమంది ఆడవాళ్లు బుద్ధి లేక చదువుతున్నారని తేల్చేయడం హేతువాదం కాదు, అది బద్ధకం. ఆ కావలసినది ఏమిటో నాకు చూపించింది ‘ఉప్పు గట్టు’ అనే నవల.

దాన్ని రాసినావిడ లలిత. రేపల్లెలో కాపురం, భట్టిప్రోలు వైపు ఊళ్లలో పశువుల డాక్టరు. మొదటి నవల. నాయిక పద్మ, రేపల్లెకి దక్షిణాన సముద్రం వైపు ఊళ్లో వరి పండిస్తుంది. పక్క చేను యజమాని ప్రకాష్ రొయ్యల చెరువులు తవ్వాడు. చెరువుల ఉప్పునీరు గట్టు కింద నుంచి ఊరడంతో ఆమె నారుమడి మాడిపోయింది. ఆమె పురుగుమందు కొట్టిన నీళ్లు కాలవలో పడి అతని రొయ్యలు తేలిపోయాయి. ఆమె అతని చెరువు నీళ్ల పైపు మూసేసింది. అతను ఆమె మీద ఫిర్యాదు పెట్టాడు. ఇద్దరూ తప్పు చేశారు, ఇద్దరికీ న్యాయం ఉంది. చదువుతూ చదువుతూ నేను టీ చల్లార్చేసుకున్నాను.

కానీ మలుపు దగ్గర కథ కూలిపోయింది. శత్రుత్వం ప్రేమగా మారే అధ్యాయాన్ని మేం టర్న్ అంటాం. ఈ రకం నవలకి అదే దూలం. లలిత అక్కడ తుఫాను తెచ్చింది. వరదలో కొట్టుకుపోతున్న పద్మని ప్రకాష్ ఈది కాపాడతాడు. ఆమె కళ్లు తెరిచేసరికి ప్రేమ. అంతకుముందు పుస్తకమంతా ఉప్పు గురించి పోట్లాడుకున్న ఇద్దరు మనుషులు, ఉప్పు సంగతి మర్చిపోయి ఒకరినొకరు చూసుకుంటారు!

రంగారావు గారికి ఆ తుఫాను నచ్చలేదు. అయితే కారణం వేరు.

“ఈ ప్రకాష్‌కి పొగరు చాలదండి విమల గారూ. ఆ అమ్మాయి పైపు మూసినప్పుడే చెయ్యి పట్టుకుని గోడకి ఆనించాలి. అక్కడ ఆమె గుండె ఝల్లుమనాలి. అదండి టర్న్ అంటే.”

“మీ అల్లుడు మీ అమ్మాయిని గోడకి ఆనిస్తే ఊరుకుంటారా?”

“అల్లుడి సంగతి వేరండి. అల్లుడు నవల్లో లేడు కదా!”

ఆయన చెడ్డవాడు కాదు. అమ్ముడుపోయినదే మంచిదని నమ్మేవాడు, అంతే. ఆ శీతాకాలం పుస్తక ప్రదర్శనకి నవల రావాలని, ఆ దృశ్యం ఉంటేనే అచ్చుకి పంపిస్తానని తేల్చి చెప్పారు. నేను రేపల్లె ప్యాసింజరెక్కి లలిత ఇంటికి వెళ్లాను. ఆమె అప్పుడే ఏదో గేదెకి పురుడు పోసి వచ్చి చేతులు కడుక్కుంటోంది. రంగారావు గారి షరతు చెప్పాను.

“గోడకి ఆనించే సీను నేను రాయనండి,” అంది తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. “మరీ కావాలంటే నా కాగితాలు నాకిచ్చేయండి. నవల లేకపోతే నేనేం చచ్చిపోను.”

ఆ చివరి మాట నేను నమ్మలేదు. రాత్రీ పగలూ పశువుల పాకల చుట్టూ తిరుగుతూ ఆ నవల పూర్తి చేసిన మనిషి ఆమె.

“ఆ సీను నేనూ ఒప్పుకోను. కానీ నీ తుఫాను కూడా ఒప్పుకోను లలితా.”

“అదేంటండీ! ప్రాణం కాపాడాడు కదా?”

“కాపాడితే కృతజ్ఞత వస్తుంది. ఫైరింజన్ వాళ్లని ఎంతమంది పెళ్లాడారు? అతను ఈదగలడని ఆమెకి తెలిసింది. ఆమె నారు ఎందుకు మాడిందో అతనికి తెలిసిందా?”

ఆమె తువ్వాలు తీగ మీద ఆరేసింది. “మరి ఏం రాయమంటారు?” అంది. ఏది తప్పో చెప్పగలను, ఏది ఒప్పో ఆమెకే దొరకాలి. దొరక్కపోతే పుస్తకం లేదు.

అదే నెలలో బాపట్లలో మా చర్చావేదిక సమావేశం. ఆ వేదిక మా నాన్న తరం వాళ్లు పెట్టింది. ఒక స్కూలు హాలు, నలభై కుర్చీలు, ఒక మైకు, ఎప్పుడూ చల్లారిన బజ్జీలు. ఆ నెల విషయం: “శత్రువుని ప్రేమించే కథలు ఆడపిల్లలకి మేలా, కీడా?” కీడని వాదించేది సాంబశివరావు మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు, నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పినాయన. బాణామతి చేస్తానన్నవాణ్ణి ఒకసారి బస్టాండులో నిలబెట్టి నలుగురి ముందూ చేసి చూపించమన్న మనిషి. మేలని వాదించడానికి ఎవరూ ముందుకి రాలేదు. నేను లలితని తీసుకెళ్లాను.

మా వేదికకి ఒక ఆచారం ఉంది. ఆచారాలన్నింటినీ ప్రశ్నించే మేం ఈ ఒక్కదాన్ని మాత్రం గట్టిగా పట్టుకుంటాం. ఎదుటి మనిషి వాదన మీద దెబ్బ కొట్టేముందు, ఆ వాదనని నువ్వే పైకి చెప్పాలి. పిల్లలు పంతులు ముందు పాఠం అప్పజెప్పినట్టు. ఎదుటి మనిషి “అవును, నేననేది ఇదే” అనేదాకా నీ వాదన మొదలుపెట్టడానికి లేదు. వక్రీకరిస్తే హాలు హాలంతా “అప్పజెప్పలేదు!” అని అరుస్తుంది. ఎన్ని కొమ్ములు తిరిగిన వక్తలు ఆ అరుపుకి చెమటలు పట్టి కూర్చున్నారో!

ముందు లలిత మాట్లాడింది. భయపడుతూనే, తడుముకుంటూ, శత్రువు మాటకున్న విలువ గురించి ఏదో చెప్పింది. తర్వాత మాస్టారు లేచారు. కండువా సర్దుకున్నారు.

“డాక్టరమ్మ అనేదేంటంటే, ఆడవాళ్లకి పొగరుబోతు మగాడంటే లోలోపల ఇష్టమని...”

“కాదండి,” అంది లలిత.

“అప్పజెప్పలేదు!” అని హాలు.

“సరే, సరే. ఓపిక పట్టి ప్రేమిస్తే ఎలాంటివాడైనా దారికొస్తాడని...”

“అస్సలు కాదండి.”

“అప్పజెప్పలేదు!” ఈసారి అరుపులో నవ్వులు కలిశాయి. వెనక వరసలోంచి ఎవరో, “మాస్టారూ, మోకాళ్ల మీద నిలబడండి!” అన్నారు. పాత శిష్యుడై ఉంటాడు.

మాస్టారికి కోపం వచ్చింది. మంచినీళ్లు తాగారు. వాదన అందకపోతే ఎదుటి మనిషిని ప్రశ్నలు అడగడానికి మా నియమం ఒప్పుకుంటుంది. లలిత వైపు తిరిగి, ఈసారి క్లాసులో అడిగినట్టు మామూలు గొంతుతో అడిగారు.

“నీ నవల్లో గొడవ దేని గురించమ్మా?”

“ఉప్పండి.”

“ఉప్పేంటి?”

ఆమె చెప్పింది. గట్టు, ఊట, మాడిన నారు, తేలిన రొయ్యలు. చెప్తున్నకొద్దీ ఆమె తడబాటు పోయింది. మాస్టారి తమ్ముడికి ఆ వైపే పొలం ఉందట. ఆయన మధ్యలో రెండు ప్రశ్నలు వేశారు, గట్టు ఎత్తు గురించి ఒకటి, కాలవ ఎటు పారుతుందని ఒకటి. తర్వాత కళ్లద్దాలు తీసి, ఆలోచించి, నెమ్మదిగా మొదలుపెట్టారు.

“ఈ అమ్మాయి అనేది ఇది. మనని ప్రేమించేవాడి మెప్పుకి విలువ తక్కువ. వాడికి మన తప్పులు కనబడవు, కనబడినా చెప్పడు. శత్రువు అలా కాదు. మన తప్పులన్నీ ఏరి దగ్గర పెట్టుకుంటాడు. మనని పొగిడితే వాడికి నష్టం. అలాంటివాడు ఒకనాడు పదిమందిలో, ‘ఈ విషయంలో న్యాయం ఆమెది’ అంటే, ఆ మాటకి సాటివచ్చే పొగడ్త లేదు. ఈ కథలు చదివే ఆడపిల్లలు వెతుక్కునేది తిట్టేవాణ్ణి కాదు. తనకి నష్టమైనా తమ మాటని సరిగ్గా విన్నవాణ్ణి. ఇళ్లలో వాళ్ల మాట ఎవరూ అలా వినరు కాబట్టి.” ఆగి, “ఇదేనా అమ్మా?” అన్నారు.

లలిత కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“అవునండి. నేననేది ఇదే. నేను కూడా ఇంత బాగా చెప్పలేదండి.”

చప్పట్లు మోగాయి. మాస్టారు చెయ్యెత్తి ఆపేశారు. “ఆగండి, అప్పజెప్పాను కదా, ఇప్పుడు కొడతాను!” అని మొదలుపెట్టారు. ఆ దెబ్బలు మామూలువి కావు. ఈ పేరుతో వచ్చే పుస్తకాల్లో తగువులు ఎన్ని, అవమానాలు ఎన్ని అని నిలదీశారు. “తగువుకి విషయం ఉంటుంది, విషయం తేలితే తగువు తీరుతుంది. అవమానానికి విషయమే లేదు. అది ఎప్పుడు తేలుతుంది? అవమానించినవాడు ప్రేమికుడైతే, ఆ ప్రేమలో రేపు మళ్లీ అవమానం ఉంటుంది. మీ పుస్తకాలు అమ్మాయిలకి ఈ తేడా నేర్పుతున్నాయా?” అని బల్ల గుద్దారు. ఇటువైపు కూర్చున్న నేను కూడా చప్పట్లు కొట్టాను. కొట్టక ఏం చేస్తాను? ఆయన చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదు.

తిరుగు రైల్లో లలిత కిటికీ పక్కన కూర్చుని తెనాలి దాకా టికెట్ వెనక ఏదో రాసుకుంటూనే ఉంది. ప్లాట్‌ఫామ్ మీద దిగాక నా చెయ్యి పట్టుకుంది.

“విమల గారూ, నా చాప్టర్ దొరికిందండి. ఆ ముసలాయన మూడోసారి మాట్లాడాడు చూడండీ, అదే నా చాప్టర్.”

కొత్త అధ్యాయం వచ్చింది. తుఫాను లేదు. గ్రామసభ ఉంది. అధికారి, ఊరి జనం, రెండు పక్షాలు. ప్రకాష్ లేచి తన ఫిర్యాదు చదవాలి. చదవడానికి లేచి, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు. “నా చెరువు గట్టు కింద ఊట ఉంది. ఆమె నారు మాడింది అందుకే. నేను మొన్న తెల్లారే వెళ్లి ఆమె మడిలో మట్టి నాలిక మీద వేసుకుని చూశాను,” అంటాడు. సభ గగ్గోలు పెడుతుంది. అతని సొంత బాబాయి “నీకు మతి పోయిందిరా!” అని అరుస్తాడు. పద్మ లేచి నిలబడుతుంది. నెగ్గిన మనిషి ఆనందం కాదు ఆమె మొహంలో. అతని రొయ్యలు ఎందుకు చచ్చాయో తనే చెప్తుంది. ఇద్దరూ ఒకరినొకరు తాకరు. సభ అయ్యాక గట్టు మీద వేరు వేరు దారుల్లో వెళ్లిపోతారు. అయినా ఆ పేజీలో ప్రేమ మొదలైందని పేజీ తిప్పే ప్రతి వేలికీ తెలుస్తుంది.

రంగారావు గారు పెదవి విరిచారు. “గ్రామసభండీ? ప్రేమ నవల్లో? పక్కన రేషన్ కార్డుల గొడవ కూడా పెట్టించండి!”

“పోనీ పరీక్ష పెడదామండి,” అన్నాను. “మీ గోడ సీను మీరే రాయండి. రెండూ బీటా రీడర్లకి ఇద్దాం. ఏది ఎవరు రాశారో చెప్పొద్దు.”

బీటా రీడర్లంటే పుస్తకం అచ్చవ్వకముందు చదివి, మొహమాటం లేకుండా అభిప్రాయం చెప్పే పాఠకులు. మాకు కొందరున్నారు. చేబ్రోలులో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే ఒకమ్మాయి, బాపట్లలో చీరల షాపులో ఉండే ఒకావిడ, ఇంకొందరు. అందరికంటే ముఖ్యమైన రీడరు రంగారావు గారి భార్య సరోజిని గారు. మా సంస్థ వేసిన ప్రతి నవలా అచ్చుకి ముందు ఆవిడ వంటింట్లో ఒకసారి ఉడుకుతుంది. రంగారావు గారు వెనుకాడలేదు. రాత్రి కూర్చుని, ఎంతో ఇష్టంగా గోడ సీను రాశారు. అందులో ప్రకాష్ చొక్కా తడిసి ఉంది, ఎందుకో తెలీదు.

అభిప్రాయాలు రావడం మొదలైంది. ఒకరిద్దరికి గోడ నచ్చింది, నేను దాచను. చీరల షాపావిడ, “గోడ సీను ఇదివరకు చదివేశానండి, ఏ పుస్తకమో గుర్తులేదు, అన్నిట్లోనూ ఉంది,” అంది. ల్యాబ్ అమ్మాయి ఫోన్ చేసి గ్రామసభ గురించే మాట్లాడింది.

“అతను కాగితం మడిచాడు కదా మేడం, అక్కడ నేను ఫోన్ పక్కన పెట్టేశాను. మా ఇంట్లో నేను చెప్పిన మాట ఎవరైనా ఒక్కసారి, ఉన్నది ఉన్నట్టు మళ్లీ చెప్తే బాగుండు అనిపించింది. ఒప్పుకోకపోయినా పర్లేదు.”

ఆ ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. రంగారావు గారు విన్నారు.

మర్నాడు సరోజిని గారు స్వయంగా ఆఫీసుకి వచ్చారు, చేతిలో రెండు కట్టలతో. భర్త ఎదురుగానే నా బల్ల మీద పెట్టారు.

“ఈ సభది వెయ్యండమ్మా, చదువుతుంటే కంట నీళ్లొచ్చాయి. ఈ గోడది మాత్రం ఎవరో ఆడవాళ్లతో మాట్లాడడం తెలీని మనిషి రాశాడు. పాపం, పెళ్లయినవాడిలా లేడు.”

రంగారావు గారు సీలింగ్ ఫ్యాన్ వైపు చూశారు. నవ్వాపుకోవడానికి నేను నోట్లో కొంగు కుక్కుకోవలసి వచ్చింది. ఆయన గొంతు సవరించుకుని, “ఆ సభది అచ్చుకి పంపండి విమల గారూ,” అన్నారు. సరోజిని గారు మెట్లు దిగాక నెమ్మదిగా, “చొక్కా తడవకుండా ఉంటే కాస్త బాగుండేదా?” అని అడిగారు.

పుస్తకం ప్రదర్శనకి అందింది. మొదట అచ్చేసినవి అయిపోయి మళ్లీ వేశాం. ఆవిష్కరణ రేపల్లెలో పెట్టుకున్నాం. పెనుమూడి వైపు నుంచి కూడా జనం వచ్చారు. రొయ్యల చెరువులవాళ్లు ఒక పక్క, వరి రైతులు ఒక పక్క కూర్చున్నారు. ఎవరూ చెప్పకుండానే. లలిత పట్టుబట్టి సాంబశివరావు మాస్టారిని పిలిచింది. ఆయన పుస్తకం రెండుసార్లు చదివి, పేజీల నిండా గీతలు గీసి మరీ తెచ్చారు.

“ఈ పుస్తకం మంచిది. ఈ రకం మీద నా అభ్యంతరం మాత్రం మారలేదు,” అంటూ మైకు అందుకున్నారు.

లలిత లేచింది. “ఆగండి మాస్టారూ. మీ వాదన నేను అప్పజెబుతాను.”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. శుభ్రంగా చెప్పింది: తగువు వేరు, అవమానం వేరు, అవమానాన్ని ప్రేమగా అమ్మే పుస్తకం అమ్మాయిలకి సంకెళ్లని గాజులని చెప్పి తొడుగుతుంది, తన పుస్తకం బాగుందని మిగతావాటికి క్షమాపణ దొరకదు. ఒక్కమాట తగ్గించలేదు. తన పుస్తకం పండగనాడు, దాని మీదికి రాగల అతిపెద్ద దెబ్బని తన నోటితో నిండుగా చెప్పింది.

మాస్టారు కళ్లద్దాలు తీశారు. “అవునమ్మా. నేననేది ఇదే,” అన్నారు. తర్వాత మైకు పక్కన పెట్టేసి, గీతలు గీసిన తన కాపీ ఆమె ముందు పెట్టి, సంతకం చెయ్యమన్నారు.

ఇప్పటికీ మా ఆఫీసుకి ఈ రకం రాతప్రతులు కట్టలుగానే వస్తాయి. రంగారావు గారు కూడా ఇప్పుడు నన్ను అడిగేది పొగరు గురించి కాదు, “వీళ్ల తగువు దేని గురించండి?” అని. తగువు లేక అవమానమే ఉంటే ఆ కట్ట వెనక్కి వెళ్తుంది. తగువు ఉంటే, నేను నేరుగా టర్న్ దగ్గరికి పోయి ఒక్కటే వెతుకుతాను: వీళ్లలో ఎవరైనా, తమకి నష్టమని తెలిసీ, ఎదుటివాళ్ల మాట అప్పజెప్పారా? ప్రేమ గుడ్డిదని మాకు చెప్పినవాళ్లందరికీ నా దగ్గర ఇప్పుడొక జవాబు ఉంది. ఈ కథల్ని గుండెకి హత్తుకున్న ఆడవాళ్లు గుడ్డి ప్రేమని అడగడం లేదు. తమని ఆసాంతం చూసి, మట్టి నాలిక మీద వేసుకుని రుచి చూసి, అప్పుడు నోరు విప్పే ప్రేమని అడుగుతున్నారు. అది అడిగే హక్కు వాళ్లకుంది, దాన్ని అచ్చేసే పని నాకుంది.